సొంత జుట్టుకు సవరం

బెల్లంపల్లి బొగ్గుల ఊరు. ఆ ఊళ్ళో బొగ్గును నమ్ముకున్నవాళ్ళున్నారు, బుగ్గలు చూసి మనసు అమ్ముకున్నవాళ్ళున్నారు. భానుప్రసాద్ మాత్రం జడలు నమ్ముకున్నాడు, జడలే అమ్ముకున్నాడు. బజారు సందులో అతనిది సవరాల దుకాణం. ముందు గదిలో మేకులకు వేలాడే జడలు, వెనక గదిలో అతని అవ్వ, కన్నతల్లి సక్కుబాయి. కొన్నవాళ్ళకు సవరం పెట్టి అల్లి చూపించేది ఆమె. తల ముట్టుకునే పని ఆమెది, వెంట్రుకలు ముట్టుకునే పని ఇతనిది. రెండు పనుల మధ్యా ఒక పాత చీర పరదా.

భానుప్రసాద్‌కు ఇరవై ఏడేళ్ళు. నోటికి మాత్రం ఇరవై నాలుగు గంటలు. జుట్టులో చిక్కు తీసినంత సులువుగా మాటలో చిక్కు పెట్టేవాడు. ఊళ్ళో ఆడపిల్లలందరికీ అతను అన్న. అన్నా, పొడుగుది చూపియ్యి. అన్నా, జర తక్కువకియ్యి. అందరూ అన్నా అన్నాక, ఇంకేమన్నా అనిపించుకోవాలన్న ఆశ కూడా అతనికి ఊడిపోయింది.

ఆషాఢంలో, మబ్బు పట్టిన ఒక పొద్దున, తలమీద చున్నీ కప్పుకొని ఒక పిల్ల వచ్చింది. అన్నా అనలేదు. అసలేమీ అనలేదు. సంచిలోంచి ఒక సవరం తీసి బల్లమీద పెట్టి, అప్పుడు నోరు విప్పింది.

"గిది మీరు జేసిందే. నా తలకు కలుస్తలేదు."

భానుప్రసాద్ దాన్ని చేతిలోకి తీసుకోగానే గుర్తుపట్టాడు. రెండేళ్ళ కిందట, బొగ్గుబాయి పనిలోంచి దిగిపోయిన ఒక పెద్దమనిషి కోసిన జడను పేపర్లో చుట్టుకొని తెచ్చి, సవరం చేసిమ్మన్నాడు. దారం లాగా సాఫీ జుట్టు, కొసలు ఎండకు కాస్త ఎర్రబారి ఉన్నాయి. అంత మంచి జుట్టు మళ్ళీ చేతికి రాలేదు. మొదళ్ళన్నీ ఒక దిక్కు, కొసలన్నీ ఒక దిక్కు చూసుకొని, దేవుడి పని లాగా చేశాడు. చేస్తూ చేస్తూ, గింత జడ కోసుకున్నదంటే ఆ పిల్లకు అత్తగారి మీద కోపమా, దువ్వెన మీద కోపమా అని ఆ పెద్దమనిషితో పరాచికం ఆడాడు. ఆయన కొంచెం నవ్వి వెళ్ళిపోయాడు.

ఇప్పుడు ఈ పిల్ల కణత దగ్గర చున్నీలోంచి ఒక వెంట్రుకల చుట్ట బయటికి తొంగిచూస్తోంది. స్ప్రింగులాగా గట్టి రింగు. భానుప్రసాద్‌లో నిపుణుడు నిద్రలేచాడు. నిపుణుడు లేస్తే మనిషి కూర్చుంటాడు.

"చూడమ్మా, గిది సక్కని ఎంటిక, నీది రింగుల ఎంటిక. మనిషి మారుతడు గాని మనిషి ఎంటిక మారది. ఎవలదో సవరం తెచ్చి నా తలకు కలుస్తలేదంటే నేనేం జేస్త? సవరం జేస్త గాని సవరణ జెయ్య."

ఆ పిల్లకు కోపం రాలేదు. చున్నీ తీసింది. మెడ దాకా, చెవుల మీదా, నుదుటి మీదా దట్టమైన నల్లటి రింగులు.

"గదీ నాదే, గిదీ నాదే," అంది. "కీమో ఇచ్చినంక గిట్ల మొలిచినయి."

భానుప్రసాద్ సవరాన్ని మెల్లగా బల్లమీద పెట్టాడు. ఆ పెద్దమనిషి రెండేళ్ళ కిందట నవ్విన నవ్వు ఇప్పుడు అర్థమైంది. అర్థమై, గొంతులో వెంట్రుకలాగా అడ్డం పడింది.

పరదా తొలగింది. సక్కుబాయి బయటికొచ్చి ఆ పిల్లను చేయిపట్టి లోపలికి తీసుకుపోయింది. పోతూ కొడుకు వంక చూసిన చూపుకు సవరణ ఏదీ లేదు.

పిల్ల పేరు స్వరూప. తండ్రి అంతయ్య, ఆనాడు జడ తెచ్చిన ఆ పెద్దమనిషే. తల్లి చిన్నప్పుడే పోయింది. పిల్లలకు ట్యూషన్లు చెబుతుంది. కరీంనగర్‌లో ఉండే మేనత్త పద్మలత ఒక సంబంధం తెచ్చింది, సెల్‌ఫోన్ల దుకాణం అబ్బాయి. శ్రావణంలో చూడ్డానికి వస్తారు. వాళ్ళకు చూపించింది పాత ఫోటో, నడుము దాటిన జడ ఉన్నది. రోగం సంగతి ఎత్తొద్దని పద్మలత షరతు. తగ్గిపోయినదాన్ని మళ్ళీ తవ్వుడెందుకు, ఇదేమన్నా బొగ్గుబాయా అన్నదట. పార్లర్లో రింగులకు ఇస్త్రీ చేయించుకొమ్మని కూడా అన్నదట గాని, తలకు వేడీ మందులూ తగలొద్దని డాక్టరు చెప్పాడు. కాబట్టి రింగులు ఉంటాయి, రింగుల్లో కలిసే జడ కావాలి. షాంపూ మార్చినందుకు రింగులొచ్చాయని చెప్పడానికి అత్త సిద్ధంగా ఉంది.

మరి రింగుల జడ కొత్తది కొనుక్కోవచ్చు గదా అని సక్కుబాయి అడిగింది. వద్దన్నది స్వరూప. పెట్టుకుంటే తనదే పెట్టుకుంటానన్నది. సాఫీ జడను రింగుల్లోకి తిప్పడం కుదిరితే తిప్పండి, కుదరకపోతే చెప్పండి.

కుదురుతుందని పరదా ఇవతలి నుంచి భానుప్రసాద్ అరిచాడు. ఎలా కుదురుతుందో అతనికి అప్పటికి తెలియదు.

సాఫీ వెంట్రుకను సన్నటి పాయలుగా తీసి, తడిపి, వెదురు పుల్లలకు చుట్టి, నూలు దారంతో బిగించి, నీళ్ళలో ఉడికించి నీడన ఆరబెడితే రింగు తిరుగుతుంది. అంతవరకు బాగానే ఉంది. మొదటిసారి అన్నీ ఒకే లావు పుల్లలకు చుట్టాడు. తీరా పెట్టి చూస్తే స్వరూప తల మీద ఉన్నది జుట్టు, కింద వేలాడుతున్నది టెలిఫోను వైరు. అద్దంలో చూసుకొని ఆమె నవ్వింది. ఫోనొస్తే ఎత్తాల్నా అని అడిగింది. పరదా ఇవతల భానుప్రసాద్‌కు ఆ నవ్వు వినిపించింది. అంతే, మనిషి రింగయ్యాడు.

అప్పుడర్థమైంది, దేవుడు ఒకే పుల్ల వాడలేదని. రెండోసారి కొలతలు తీశారు. సక్కుబాయి ఒక్కొక్క రింగులో ఏదో ఒకటి దూర్చి చూసి పరదా వెనక నుంచి చెబుతుంటే ఇతను పుల్లలు ఏరాడు. నెత్తి మీద పెన్సిలు. చెవుల దగ్గర పెన్నులో రీఫిలు. మెడ మీద సక్కుబాయి చిటికెన వేలు. ఎక్కడ కలుస్తుందో అక్కడ సన్నం, కిందికి పోయేకొద్దీ లావు.

ఉడికించాడు. ఇక ఆరాలి. కానీ వాన పట్టుకుంది. బాయి రోడ్డంతా బొగ్గుపొడి కలిసి నల్లటి బురద. స్వరూప గొడుగు వేసుకొని వచ్చి, ఆరిందా అని అడిగేది. ఆరలేదని ఇతను చెప్పేవాడు. ఆరితే పని అయిపోతుంది, పని అయిపోతే ఆమె రాదు. ఎండ రావొద్దని మొక్కుకున్న భానుడు లోకంలో అతనొక్కడే.

ఆరని సవరం పక్కన మాటలు బాగానే ఆరబెట్టుకున్నారు. ఆస్పత్రిలో పక్క మంచం ముసలామె రోజూ గుండు నిమురుకుంటూ దువ్వెన వెతికేదని స్వరూప చెప్పింది. తన దుకాణానికి వచ్చిన ఒక పెండ్లికొడుకు మీసానికి సవరం అడిగాడని భానుప్రసాద్ చెప్పాడు. అది అబద్ధమని ఆమెకు తెలుసు. తెలిసే నవ్వేది. ఆమె ఇంకా అతన్ని ఏమీ అనడం లేదు, అన్నా తప్ప అన్నీ మాట్లాడుతోంది.

ఒకనాడు వాన పెద్దదై ఆమె దుకాణంలోనే చిక్కుకుపోయింది. సక్కుబాయి చాయ్ పెట్టడానికి వెనక్కి పోయింది. స్వరూప చున్నీ లేకుండా కూర్చుంది, ఇప్పుడు అతని ముందర కప్పుకోవడం మానేసింది. వానవైపు చూస్తూ చిన్నగా అన్నది.

"గీ రింగులు చూసినోడు, గీ రోగం ఎర్కున్నోడు ఎవలన్న అడిగితే, గా సవరం పనే ఉండకపోవు."

భానుప్రసాద్‌కు అర్థం కాకపోవడమేమీ లేదు. అర్థమైంది గనుకనే గుండె జారింది. అతని బాపు అంబదాస్ పోయింది కూడా ఈ రోగంతోనే. గొంతులో గడ్డ. హైదరాబాద్ ఆస్పత్రికి బాపును భుజాన వేసుకొని తీసుకుపోయినవాడు అతనే, కడపటిసారి తేలికైపోయిన బాపును తిరిగి తెచ్చినవాడూ అతనే. ఆ బరువు ఇంకా భుజం దిగలేదు. ఆ పిల్ల వంక చూస్తే ప్రేమ, ఆ పిల్ల మెడ మీద గడ్డ తీసిన మచ్చ వంక చూస్తే బాపు.

ఏమన్నా చెప్పాలి. చెప్పాడు.

"రింగులు ఇన్ని ఉన్నంక మల్ల రింగు తొడిగేటోడు ఎందుకు నీకు?"

స్వరూప అలవాటుగా నవ్వింది. తరవాత నవ్వు ఆపేసింది. వాన కూడా ఆగింది. చాయ్ తాగకుండానే లేచి గొడుగు తెరుచుకుంది.

సవరం ఆరింది.

శ్రావణంలో ఒక ఆదివారం కరీంనగర్ వాళ్ళు బయలుదేరారు. పొద్దున్నే సక్కుబాయిని ఇంటికి రమ్మని కబురొచ్చింది. అల్లిక కొత్తది, ఒక్కదాని వల్ల కాదని ఆమె కొడుకును వెంట తీసుకుపోయింది. అంతయ్య ఉండే బొగ్గుబాయి క్వార్టర్లోనూ లోపలి గదికి ఒక పరదా ఉంది. లోపల స్వరూప, సక్కుబాయి, పద్మలత. బయట భానుప్రసాద్, అంతయ్య.

రింగుల జుట్టుకు సవరం పెట్టడం మామూలుగా పెట్టినట్టు కాదు. పొడిగా దువ్వితే రింగులు విచ్చిపోయి పొదలాగా లేస్తాయి. తడిపి, వేళ్ళతో పాయలు తీయాలి. ముందు సొంత జుట్టుతో రెండు మెలికలు వేసి, సవరం మూడు పాయలనూ ఒక్కచోట ఇవ్వకుండా, మెలికకొకటి చొప్పున ఎక్కించాలి. ఒక్కచోట ఇస్తే అక్కడ మెట్టు కనబడుతుంది. ఎక్కించాక కలిసిన చోటు మీదికి రెండు మూడు సొంత రింగులను వదిలేయాలి, నిర్లక్ష్యంగా జారినట్టు.

ఇదంతా భానుప్రసాద్ పరదా ఇవతల కూర్చుని చెప్పాడు. అవ్వా, మొదటి పాయ ఎడమ దిక్కు ఇయ్యి. అవ్వా, గుంజకు, గుంజితే రింగు చస్తది. అవ్వా, రెండో పాయకు ఒక మెలిక ఆగు. అంతయ్య పక్కన కూర్చుని, ఇంత పనుంటదా సవరానికి అన్నాడు. ఉంటుందన్నాడు భానుప్రసాద్. చెడగొట్టడానికైతే ఒక్క మాట తప్పు చెబితే చాలు. ఒక మెట్టు కనబడితే మిగతాది కరీంనగర్ వాళ్ళే చూసుకుంటారు. ఆ ఆలోచన వచ్చింది, వెంట్రుకవాసిలో వెళ్ళిపోయింది. మూడో పాయ కూడా సరిగ్గానే చెప్పాడు.

స్వరూప పరదా తొలగించుకొని వచ్చింది. వెనక్కి తిరిగి చూపించింది. ఎక్కడ కలిసిందో చేసినవాడికే కనబడలేదు. అంత బాగా కుదిరిన పనిని చూసి అంత దుఃఖపడినవాడు ఆ వృత్తిలో ఇంకెవడూ ఉండడు.

ఆ తరవాత జరిగింది సక్కుబాయి చూసి చెప్పింది. పిల్లవాడి నానమ్మ పాతకాలం మనిషి. చూపుల్లో జడ పట్టి గుంజి చూడటం వాళ్ళ కాలపు పరీక్ష. గుంజింది. రాలేదు. సొంత జుట్టేనా బిడ్డా అని అడిగింది. "సొంతదే అవ్వా. అంత నాదే," అన్నది స్వరూప. అబద్ధం లేదు. పద్మలత ముఖం విచ్చుకుంది. అందరూ ఖుషీ. పిల్లవాడు రెండు నిమిషాలు మాట్లాడతానన్నాడు. ఇద్దరూ పెరట్లో నల్లా దగ్గర నిలబడ్డారు. స్వరూప అతనికి మొత్తం చెప్పేసింది, గడ్డ నుంచి గుండు దాకా, గుండు నుంచి రింగుల దాకా.

పిల్లవాడు మంచివాడే. కోపపడలేదు. ఇంట్లో అడగాలి అన్నాడు. మరుసటి రోజు పద్మలతకు ఫోను వచ్చింది. వాళ్ళూ మర్యాదగానే వద్దన్నారు. పద్మలత మాత్రం ఇకమీదట మీకూ నాకూ కలవదని అన్న అంతయ్యకు చెప్పి బస్సెక్కింది.

స్వరూప దుకాణానికి వచ్చి, పని మస్తుగ చేశారని, ఎవరికీ తెలియలేదని, తానే చెప్పానని సక్కుబాయితో అన్నది. సక్కుబాయి ఏదో పని గుర్తొచ్చినదానిలా బయటికి పోయింది. భానుప్రసాద్ ఈసారి మాటకు మెలిక పెట్టలేదు.

"నేను చేసుకుంట నిన్ను."

స్వరూప చున్నీని తలమీదికి లాక్కుంది.

"ఆల్లు రాకముందు అడిగితే ఎగిరి గంతేస్తుంటి. గిప్పుడు అడిగితే నేను మిగిలిపోయిన సరుకు లెక్కున్న. జాలికి చేసుకుంటె నాకొద్దు."

అది జాలి కాదని చెప్పాలనుకున్నాడు. నిన్నటిదాకా ఏమైందని ఆమె అడుగుతుంది. నిన్నటిదాకా భయమైంది. ఆ మాట ఆమె ముఖం మీద ఎలా చెప్పడం? ఆమె వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు.

వినాయకచవితి వెళ్ళింది. వానలు తగ్గి ఎండలు కాశాయి, భానుడు ఇప్పుడు ఎంత కాసినా ఆరబెట్టేదేమీ లేదు. దుకాణంలో పరాచికాలు తగ్గాయి. పాత గిరాకీలు అన్నకు జ్వరమా అని సక్కుబాయిని అడిగేవారు.

పెద్దలకు పెట్టుకునే దినాల్లో, పెత్తరమాస, అదే పెద్దల అమావాస్య, ఇంకా రాకముందు, అంతయ్య దుకాణానికి వచ్చాడు. స్టూలు మీద కూర్చుని మేకులకు వేలాడే జడలన్నీ ఒకసారి చూశాడు. మంచినీళ్ళు తాగాడు. ఆ తరవాత చెప్పాడు.

"బిడ్డకు మల్ల తిరగబెట్టిందట. గీ వారం హైదరాబాద్ పోవాలె. మందు ఎక్కితే జుట్టు ఉండది గదా. రాలకముందే కోసి దాపెట్టుమంటుంది. వేరేటోళ్ళు వద్దట, నువ్వే కొయ్యాల్నట."

సక్కుబాయి కొడుకు కంటే ముందు చెప్పులు వేసుకుంది.

క్వార్టరు వాకిట్లో ఎండలో స్టూలు వేసుకొని, భుజాల మీద దుప్పటి కప్పుకొని స్వరూప కూర్చుంది. ముఖం కొంచెం పాలిపోయింది, రింగులు మాత్రం ఇంకా పెరిగి భుజాలను తాకుతున్నాయి. గిట్ల పంటకోసారి కోసుకుంట పోతే రేపు నేనే దుకాణం పెడత అన్నది. నవ్వించాలని ఆమె అన్నది. ఎప్పుడూ నవ్వించేవాడు నవ్వలేదు. వెనక నిలబడి ఒక రింగు పట్టుకున్నాడు. ఇన్నాళ్ళూ పరదా ఇవతల నుంచి కొలతలు విన్న జుట్టు, చేతికి తగలడం ఇదే మొదలు. కత్తెర తెరిచాడు. మూయలేదు.

"కొయ్యవా?" అన్నది.

"అడగాల్సింది ఒకటున్నది."

"గప్పుడే అడిగినవ్. చెప్పిన."

"నువ్వు చెప్పింది నిజమే, ఆలస్యమే జేసిన. మా బాపును మోసిన భుజం ఇది, నాకు భయమైంది. భయం పోయినంక అడుగుదామని ఆగిన. పోలే. ఇయ్యాల ఇంక ఎక్కువైంది. గా భయంతోనే అడుగుతున్న. జాలి అయితే అవ్వను పంపి ఇంట్ల కూసుంటుంటి. నన్ను చేసుకుంటవా?"

స్వరూప వెనక్కి తిరగలేదు.

"బతుకుతనో లేదో డాక్టరే చెప్తలేడు."

"నేను డాక్టర్ను అడుగుతలే."

ఆమె ఒక రింగును వేలికి చుట్టుకుంది.

"గుండు మీద తలంబ్రాలు నిలువయి."

"జారినయి జారినట్టె ఏరుకుంట."

స్వరూప దుప్పటి కొస ముఖానికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదిలాయి. దుప్పటి లోపల నుంచే సరేనన్నట్టు తల ఊపింది. అంతయ్య గోడవైపు తిరిగి నిలబడ్డాడు. బాయిలో ముప్పై ఏళ్ళు చీకట్లో పని చేసినవాడికి వెలుతురులో ఏడవడం అలవాటు లేదు.

సక్కుబాయి కొడుకు దగ్గరికి వచ్చి, చేతిలోంచి కత్తెర తీసుకుంది.

"చేసుకుంటె ఏడుస్తవ్. చేసుకోకున్నా ఏడుస్తవ్, చూస్తనే ఉన్న గదా. ఎట్లన్న ఏడిసేటిదే అయితే ఆమె పక్కన ఉండి ఏడువు." తరవాత అంతయ్య వైపు తిరిగింది. "కోసుడు రేపు. ఇయ్యాల పిల్లకు పూలు పెడత."

పూలు పెట్టడమంటే మాట ఖాయం చేసుకోవడం. మగపిల్లవాడి తల్లి వచ్చి పిల్ల జడలో పూలు తురిమితే, ఆ పిల్ల ఆ ఇంటిదే. అంతయ్య తబ్బిబ్బయ్యాడు.

"పెద్దల దినాలు సక్కుబాయక్కా. గీ దినాలల్ల ఎవలన్న శుభకార్యం జేస్తరా? మంచి దినాలు రానీ."

"మంచి దినాలొచ్చేదాంక బిడ్డకు ఎంటికలుండయి, అంతయ్యా."

అంతయ్య చెప్పులు కూడా వేసుకోకుండా పూలకు పోయాడు. బజారులో ఆ దినాల్లో పోయినవాళ్ళ పటాలకు వేసే బంతి దండలే దొరుకుతాయి. అవి బిడ్డ తలకు మనసొప్పలేదు. లైన్లో క్వార్టర్లన్నీ తిరిగి, పెరళ్ళలో పూసిన కనకాంబరాలు అడుక్కున్నాడు. ఏం కార్యమని అడిగిన ప్రతి వాకిట్లోనూ, నా బిడ్డకు పూలు పెడుతున్నారని చెప్పాడు. ఆ రోజుల్లో ఆ కార్యం కూడదని ఆ ఇళ్ళలో అందరికీ తెలుసు. ఒక్కరూ ఆ మాట ఎత్తలేదు. పూలు కోసిచ్చి, చేతులు కడుక్కొని, కుంకుమ భరిణెలు పట్టుకొని ఆడవాళ్ళు ఆయన వెనకే వచ్చారు.

సక్కుబాయి స్వరూప నుదుట బొట్టు పెట్టింది. మాల కట్టే తీరిక లేదు. కనకాంబరాన్ని ఒక్కొక్కటిగా తీసి ఒక్కొక్క రింగులో దూర్చింది. పిన్ను లేదు, దారం లేదు. రింగు కొంచెం విచ్చుకొని, పువ్వు కాడను పట్టుకొని, మళ్ళీ మూసుకుంటోంది. అన్నీ పెట్టడం అయ్యాక స్వరూప మెడ కదిలించడానికి భయపడుతూ, రెప్పలు మాత్రం ఎత్తి ఎదురుగా ఉన్న భానుప్రసాద్‌ను అడిగింది.

"నిలిచినయా?"

"నిలిచినయి," అన్నాడు భానుప్రసాద్.

ఆ మాటకు రెండో అర్థం లేదు.